డోర్నకల్ నుంచి మెదక్‌కు: ఆరు రోజుల క్రిస్మస్ యాత్ర

డిసెంబరు 20, శనివారం

తెల్లవారకముందే సికింద్రాబాద్ స్టేషన్‌లో కాలు మోపే చోటు లేదు. సెలవులకు ఇళ్లకు బయలుదేరిన హాస్టలు పిల్లలు, కేకు డబ్బాలు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లు, వెదురు బద్దలతో కట్టిన నక్షత్రాన్ని గొడుగులా నెత్తిన పట్టుకున్న ఒక పెద్దాయన. పెద్దమ్మ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో నా మోచెయ్యి పట్టుకుని ఆ గుంపులోంచి తడబడకుండా నడిచింది. ఆమెకు డెబ్బై మూడేళ్లు. ఊపిరాడనిది నాకే.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలి. నవంబరు చివరి వారం నుంచే మా చర్చి సంఘంలో పండుగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌లు మొదలయ్యాయి. యువకులకొకటి, స్త్రీల మైత్రికొకటి, సండే స్కూలు పిల్లలకొకటి, ఆఫీసులో ఒకటి, మేముండే అపార్టుమెంటులో ఒకటి. కుర్చీలు ఎన్ని, మైకు ఎవరిది, పలావు ఎంతమందికి అనే లెక్కలన్నీ నా మీద పడ్డాయి. డిసెంబరు మూడో వారం వచ్చేసరికి మోకాళ్లూనితే ప్రార్థన రావడం లేదు, రేపటి పనుల జాబితా వస్తోంది. ఆ మాట పెద్దమ్మతో అంటే ఆమె ఓదార్చలేదు. "నన్ను మెదక్ తీసుకుపో బిడ్డా. గుడి చూసి నలభై ఏళ్లు దాటింది" అంది. ఆమె చిన్నప్పుడు అక్కడి బోర్డింగులో ఉండి చదువుకుంది. దానికంటే ముందు డోర్నకల్ వెళ్దామన్నది కూడా ఆమే. అక్కడ పెద్దమ్మ మరిదిగారి ఇల్లుంది.

నేను ఒప్పుకున్నది నిశ్శబ్దం కోసం. రెండు పాత రాతి చర్చి గుళ్లు, మంచు పట్టిన ఉదయాలు, ఖాళీ బల్లలు, నేనూ నా ప్రార్థనా. నేను ఊహించుకున్న క్రిస్మస్ అది.

భువనగిరి కోట కొండ కిటికీలో కనిపించి వెనక్కి పోయింది. కాజీపేట, వరంగల్ దాటాక ఎర్రనేలలు, పత్తి చేలు. చివరి ఏరుడు పత్తిని మూటలు కట్టి గట్ల మీద పెట్టారు. మహబూబాబాద్, గార్ల, ఆ తరువాత డోర్నకల్. కొత్తగూడెం బొగ్గు గనుల వైపు రైలుమార్గం చీలేది ఇక్కడే. ఊరి పేరు చెబితే చాలామందికి జంక్షనే గుర్తొస్తుంది తప్ప గుడి గుర్తురాదు. అది నాకు బాధ కలిగించే విషయం. ఇలాంటి కట్టడం మన నేల మీద ఇంకొకటి లేదు.

సాయంత్రం ఎండ వాలుతుండగా దాని ముందు నిలబడ్డాం. దూరం నుంచి చూస్తే మసీదేమో అనిపించే గుమ్మటాలు. లోపలికి నడిస్తే కోవెల మండపంలో ఉన్నట్టు రాతి స్తంభాలు. ఎదురుగా ప్రభు భోజనపు బల్ల, శిలువ. మూడు మతాల శిల్పులు ఒకే ఇంటికి పనిచేసినట్టుంది. దీని పేరు ఎపిఫనీ కెథడ్రల్. తూర్పు దేశపు జ్ఞానులు శిశువును వెతుక్కుంటూ వచ్చిన రోజును తలచుకునే పండుగ ఎపిఫనీ. తూర్పు జ్ఞానుల పేరు పెట్టుకున్న గుడి తూర్పు దేశపు రూపంలోనే ఉండాలని తలచినవారికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

నిశ్శబ్దం మాత్రం దొరకలేదు. ఆవరణలో పదిహేనుమంది ఆడవాళ్లు చీపుర్లతో వరుసగా ఊడుస్తున్నారు, వేపాకులు ఒకచోటికి పోగుచేస్తున్నారు. నిచ్చెన మీద ఇద్దరు కుర్రాళ్లు బల్బుల దండలు కడుతూ కింద ఉన్నవాళ్లతో వాదిస్తున్నారు. లోపల గాయక బృందం ఒకే చరణాన్ని పదోసారో పదకొండోసారో పాడుతోంది. ఆల్టో, అంటే కింది స్థాయి గొంతు, పాడే అమ్మాయిలు ప్రతిసారీ ఒకే చోట జారుతున్నారు, హార్మోనియం ఆగుతోంది, మళ్లీ మొదటికి వస్తోంది. ఖాళీ బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. పావుగంట తరువాత ఆ అమ్మాయిలు జారకుండా దాటారు. బయట ఊడుస్తున్న ఆడవాళ్లలో ఎవరో "ఆఁ, వచ్చింది!" అని గట్టిగా అన్నారు. ఊడుస్తూ వాళ్లూ వింటున్నారని నాకు అప్పుడే తెలిసింది.

డిసెంబరు 21, ఆదివారం

క్రిస్మస్‌కు ముందు ఎదురుచూపు వారాలైన ఆగమన కాలంలో నాలుగో ఆదివారం. ఆకుపచ్చని కొమ్మల వలయంలో నాలుగో కొవ్వొత్తిని ఏడెనిమిదేళ్ల పిల్లవాడు వెలిగించాడు. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరింది. గుడి నిండా ఉన్న జనం ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు. మూడోసారి అంటుకుంది.

ఆరాధన తెలుగు కీర్తనలతో సాగింది. మా పట్నపు సంఘంలో కీబోర్డూ డ్రమ్సూ వచ్చాక ఈ కీర్తనలు ఏడాదికి నాలుగైదుసార్లే వినబడుతున్నాయి. ఇక్కడ కీర్తనల పుస్తకంలో తలకట్టున అచ్చయిన రాగం, తాళం పేర్లను ముందు వరుసలోని ముసలివాళ్లు చూడనైనా చూడరు, నోటికే వచ్చు. పురుషోత్తమ చౌదరి వంటివారు పందొమ్మిదో శతాబ్దంలో మన రాగాల్లో కట్టిన పాటలు. పెద్దమ్మ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని పాడింది. ఆమె గొంతు ఎంత బాగుంటుందో నేను మరిచిపోయాను.

మధ్యాహ్నం మరిదిగారు మమ్మల్ని మళ్లీ గుడి ఆవరణకు తీసుకువెళ్లారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, నిదానంగా మాట్లాడతారు. "వదినా, మీ మెదక్ గుడి పెద్దదే. కాదనను. కానీ మా బిషప్ గారి సమాధి దగ్గర ఒక్క నిమిషం నిలబడండి" అన్నారు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతపు పల్లెలో పుట్టారు. తండ్రి అక్కడి గుడి పాస్టరు. తమిళుడు. 1903లో తిరునెల్వేలివాళ్లు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నప్పుడు దానికి పూనుకున్నవారిలో ఆయన ఒకరు. ఆ సంఘం పని కోసమే నిజాం రాజ్యంలోని ఈ డోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఇంగ్లండు చర్చి పద్ధతి పాటించే ఆంగ్లికన్ సంఘాల్లో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలబడి, మీరు మా కోసం ఎంతో ఇచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులు కావాలి అని అడిగిన మనిషి. ఆ రోజుల్లో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించాను.

గుడి కట్టడం ఏళ్ల తరబడి సాగి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఎపిఫనీ పండుగ రోజునే. 1945 జనవరి 1న అజరయ్య ఈ ఊళ్లోనే కన్నుమూశారు. వేర్వేరు మిషన్ల సంఘాలు ఒక్కటి కావాలని ఆయన జీవితాంతం పాటుపడ్డారు. 1919లో తమిళనాట తరంగంబాడిలో ఆ మాటలు మొదలైనప్పుడు ముందున్నది ఆయనే. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరి కొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. చూడడానికి ఆయన లేరు. డోర్నకల్ ఆంగ్లికన్లదీ, మెదక్ మెథడిస్టులదీ. ఈ రెండు గుళ్ల మధ్య నేనూ పెద్దమ్మా పరాయితనం లేకుండా ప్రయాణం చేస్తున్నామంటే అందులో ఆయన కష్టం ఉంది.

"పండుగ ఇరవై ఐదుతో అయిపోదమ్మా. మాకు జనవరి ఆరు దాకా ఉంటుంది" అన్నారు మరిదిగారు వెనక్కి నడుస్తూ. అప్పటికే గాయక బృందం మళ్లీ మొదలుపెట్టింది.

డిసెంబరు 22, సోమవారం

ఈ రోజు గురించి ఎక్కువ రాస్తాను. ఈ యాత్ర అంతటిలో నేను మరిచిపోలేనిది ఈ పల్లె. దాని పేరు రాయను. అక్కడివాళ్లు తమ గురించి ఎవరో రాయాలని కోరుకునేవాళ్లు కారు.

ఆటోలో వెళ్లాం. రేకుల కప్పు గుడి, సున్నం కొట్టిన గోడలు, తలుపు మీద మామిడాకుల తోరణం. పక్కింటి వాకిట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద మూకుడు కాగుతోంది. నలుగురు ఆడవాళ్లు గులాబీ పువ్వులు చేస్తున్నారు. ఇనుప అచ్చును కాగే నూనెలో ముంచి, పిండిలో అంచు మునగకుండా అద్ది, మళ్లీ నూనెలో పెట్టి చిన్నగా తట్టాలి. అచ్చు సరిగా కాగకపోతే పిండి పట్టదు. నేను చేసిన మొదటి మూడూ విరిగాయి. నాలుగోది నిలిచింది. ఆ నాలుగో పువ్వును ఒక చిన్నపిల్ల నా చేతిలోంచే తీసుకుని తిన్నది. పెద్దమ్మ అరిసెల పాకం దగ్గర కూర్చుని, కబురు పెట్టి పిలిపించుకున్న పెద్ద మనిషిలా, ఉండ పాకం వచ్చిందో లేదో నీళ్లలో వేసి చూసి చెబుతోంది.

సాయంత్రం గుడి తలుపు దగ్గర ఒక ముసలావిడ సంచితో వచ్చింది. ఐదారు కిలోల బియ్యం ఉంటుంది. పూట పూటకూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు పక్కన పెడుతుందట. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. "పెళ్లయి వచ్చినప్పటి నుంచి. మా అత్త చూపించింది" అంది. ఇంట్లో తనొక్కతే ఉంటుంది. ఒక్కతే వండుకునే అన్నంలోంచి రోజుకు రెండు పిడికెళ్లు. ఆ బియ్యం పండుగనాడు సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు గిన్నెలోకి వెళ్తుంది. మా సంఘంలో పలావు లెక్కల దగ్గర నేను చేసిన చిరాకంతా గుర్తొచ్చి ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

చీకటి పడ్డాక క్యారల్స్‌కు బయలుదేరాం. ముందు డప్పు, వెనక నక్షత్రం, దాని వెనక ముప్పై నలభై మంది. వెదురు బద్దలకు రంగుకాగితం అంటించి లోపల బల్బు పెట్టిన నక్షత్రం. వైరు కింద ఒక కుర్రాడి సంచిలోని బ్యాటరీకి వెళ్తుంది కాబట్టి ఇద్దరూ ఎడ్ల జతలా కలిసి నడవాలి. సంఘంలోని ఇళ్లు పన్నెండు. కానీ మేం ఆగినవి ఇరవై పైనే. నుదుట బొట్టు, మెడలో రుద్రాక్షలు ఉన్న ఒక రైతు వాకిట్లోనే నిలబడి "మా ఇల్లు దాటి పోతున్నరేంది?" అని కోప్పడ్డాడు. వెనక్కి వచ్చి పాడాం. ఆయన భార్య అందరికీ బెల్లం టీ ఇచ్చింది. గ్లాసులు సరిపోక ఒకరు తాగాక కడిగి ఇంకొకరికి ఇచ్చారు. అది ముగిసేసరికి అరగంట పట్టింది, ఎవరూ తొందరపడలేదు.

ఊరి చివరి సందులో బ్యాటరీ అయిపోయి నక్షత్రం ఆరిపోయింది. నడక ఆగలేదు, పాట ఆగలేదు. ఎవరో ఫోను వెలుతురు పెట్టారు. డప్పు కొట్టే అతను తన కొడుకును భుజం మీద ఎత్తుకున్నాడు. ఆ పిల్లవాడు తండ్రి చెవి పట్టుకుని, అంత చప్పుడులో, హాయిగా నిద్రపోయాడు. నేను వెతుకుతున్నది ఇదేనేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది.

డిసెంబరు 23, మంగళవారం

తిరుగు రైలు, మూడు గంటల ఆలస్యం. సాయంత్రానికి సికింద్రాబాద్. జనరల్ బజార్‌లో మనుషుల భుజాలు తప్ప ఏమీ కనబడలేదు. పెద్దమ్మ పట్టుబట్టి అక్కడికే తీసుకెళ్లమంది. రెండు గజాల ఎర్ర రిబ్బను కొనడానికి. బోర్డింగులో ప్రతి క్రిస్మస్‌కు ఆడపిల్లలందరికీ కొత్త గౌను, జడలకు ఎర్ర రిబ్బను ఇచ్చేవాళ్లట. "ఎవరికి పెద్దమ్మా ఇప్పుడు?" అంటే "ఎవరికో ఒకరికి" అంది.

ఇంటికి రాగానే నిద్ర.

డిసెంబరు 24, బుధవారం

జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మెదక్ బస్సు. ఎక్కడమే పెద్ద పని. మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేకపోవడం పల్లె ఇళ్లలో ఎంత మార్పు తెచ్చిందో ఆ బస్సులో చూడాలి. కూలికి వెళ్లే ఆడవాళ్లు, చంటిబిడ్డల తల్లులు, ఒక నిండు గర్భిణి. గర్భిణికి సీటిచ్చిన ఆవిడ తానే అరవై దాటిన మనిషి. పెద్దమ్మ ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుని జాగ్రత్తగా బైబిల్లో పెట్టుకుంది. సీట్ల కింద బియ్యపు మూటలు, సత్తు గిన్నెలు, చాపలు. గుడి దగ్గరే వండుకుని అక్కడే పడుకుంటారు.

నర్సాపూర్ అడవి దాటాక బస్సులో ఎవరో పాట ఎత్తుకున్నారు. ముందు సీట్లవాళ్లు ఒక చరణం, వెనక సీట్లవాళ్లు ఇంకొకటి. పొలాల మీదుగా మెదక్ గుడి శిఖరం కనబడగానే పాట దానంతట అదే ఆగిపోయింది. పెద్దమ్మ కిటికీ ఊచ పట్టుకుని లేచి నిలబడింది.

170 అడుగులు పైబడిన గోపురం అది. చుట్టూ అంత ఎత్తున్నది ఏదీ లేదు కాబట్టి ఆకాశంలోనే కట్టినట్టుంటుంది. గుడి పొడవు 200 అడుగులు, వెడల్పు 100. ఐదు వేల మంది పడతారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్, అంటే మెథడిస్టు, మిషనరీ 1914లో మొదలుపెట్టించారు. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. 2024లో నూరేళ్లు నిండాయి.

ఈ లెక్కలు ఎవరైనా చెబుతారు. పెద్దమ్మ చెప్పేది వేరు. ఆమె నాయనమ్మ ఈ గోపురానికి సున్నం గంపలు మోసింది. కరువు రోజులు. చుట్టుపక్కల పల్లెల్లో గింజ లేదు. పాస్నెట్ దొర ఊరికే అన్నం పెట్టకుండా పని చూపించి దానికి తిండి పెట్టాడని, ఆకలితో వచ్చినవాళ్లు తలెత్తుకుని తిన్నారని నాయనమ్మ చెప్పేదట. ఆమె అప్పటికి క్రైస్తవురాలు కాదు. ఆకలిగొన్న మనిషి, అంతే. "ఈ గుడి జనం రావడం వల్లనే లేచింది బిడ్డా. జనం లేకుండా ఎట్లుంటది?" అంది పెద్దమ్మ. నేను నిశ్శబ్దం కోసం వచ్చానని ఆమెకు చెప్పలేదు. ఆమెకు తెలిసినట్టే ఉంది.

ఇక గది సంగతి. పది రోజుల ముందే ఫోనులో మాట్లాడి, కొంత డబ్బు కూడా పంపి, ఒక లాడ్జిలో గది పెట్టించాను. వెళ్లేసరికి దాన్ని ఇంకెవరికో ఇచ్చేశారు. డబ్బు తిరిగి ఇచ్చారు గానీ గది లేదు. ఇంకో మూడు చోట్ల అడిగాం. లేదు, లేదు, లేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని డిసెంబరు చలిలో ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. కోపంతో వచ్చిన ఏడుపు. పెద్దమ్మ మాత్రం కర్ర నేలకు ఆనించి, "పద, గుడికే పోదాం. చోటు లేదనే మాట ఈ రాత్రికి కొత్తది కాదు" అంది.

గుడి ఆవరణ ఊరంత ఉంది, ఆ ఊరు నిండిపోయింది. చెట్ల కింద, గోడల వెంట, గుడారాల్లో, ట్రాలీ ఆటోల కింద కూడా మనుషులు. మూడు రాళ్ల పొయ్యిలు వందల్లో వెలుగుతున్నాయి. పొగ, కారం, పిల్లల ఏడుపు, మైకులో తప్పిపోయినవారి పేర్లు. మొక్కులు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లు ఎంతమందో లెక్క లేదు. బిడ్డ పుడితే తీసుకొస్తామని మొక్కుకుని పసికందులను ఎత్తుకొచ్చిన తల్లులు కొవ్వొత్తులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. మైకు శబ్దం కొంచెం తగ్గిస్తే ఆ పసివాళ్లకు మేలు. అది మాత్రం ఎవరైనా చూడాలి.

ఒక చింతచెట్టు కింద బీదర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం చాపలు పరుచుకుని ఉంది. భార్యాభర్తలు, ముసలి తల్లి, ముగ్గురు పిల్లలు. మేం నిలబడి చూస్తుంటే ఆ ముసలావిడ ఏమీ అడగకుండా చాప అంచు మడిచి పిల్లలను అవతలికి జరిపింది. కన్నడంలో ఏదో అంది. "కూర్చోమంటోంది అమ్మా" అని కోడలు తెలుగులో చెప్పింది. జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టారు. చలి పెరిగాక బరువైన దుప్పటి ఒకటి తెచ్చి పెద్దమ్మ మీద కప్పారు. తమకున్న మూడింటిలో ఒకటి. పెద్దమ్మ సంచిలోంచి ఎర్ర రిబ్బను తీసి, పెద్దపిల్లను ముందు కూర్చోబెట్టుకుని, పొయ్యి వెలుతురులో రెండు జడలు వేసింది.

పిల్లలు పడుకున్నాక ఆమె మెల్లగా మాట్లాడింది. "ఆ రాత్రి బేత్లెహేములో కూడా ఇంతే కదా. రోము చక్రవర్తి కైసరు జనాభా లెక్కలన్నాడు. ఎవరి ఊరికి వాళ్లు పోవాలి. గర్భిణులు, ముసలివాళ్లు, గాడిదలు, మూటలు, పిల్లల ఏడుపు. సత్రం ఖాళీగా ఉంటే ఆయన సత్రంలోనే పుట్టేవాడు. జనం కిటకిటలాడినందుకే పశువుల పాకలో పుట్టాడు."

ఇన్నేళ్లు ఆ అధ్యాయం చదివాను, పిల్లలకు నేర్పాను, నాటకాలు వేయించాను. మా నాటకాల్లో ఎప్పుడూ యోసేపు, మరియ, ఇద్దరు కాపరులు, నిశ్శబ్దమైన నీలిరంగు తెర. ఆ ఊరి నిండా జనం ఉన్నారని నేను ఒక్కసారీ తలచుకోలేదు.

డిసెంబరు 25, గురువారం

మూడున్నరకు మొదటి గంట. అది చెవికి కాదు, వీపుకు ఆనుకున్న నేలలోంచి వినబడింది. ఆవరణ అంతా ఒక్కసారిగా కదిలింది. నీళ్ల డ్రమ్ముల దగ్గర ముఖాలు కడుక్కునేవాళ్లు, కొత్త బట్టలు మడతలు విప్పుకునేవాళ్లు. బోర్డింగులో ఉన్నప్పుడు ఈ వేళకు లేచి యాత్రికులకు బిందెలతో నీళ్లు మోసేవాళ్లమని పెద్దమ్మ చెప్పింది.

నాలుగున్నరకు ఊరేగింపు. ముందు శిలువ, దాని వెనక కొవ్వొత్తులు పట్టుకున్న గాయక బృందం, తెల్లని అంగీల్లో పాస్టర్లు, చివర బిషప్ గారు. చెప్పులు బయట విడిచి జనంతో పాటు లోపలికి వెళ్లాం. ఇంగ్లండు నుంచి తెప్పించి పరిచిన నేలపలకలు చల్లగా తగిలాయి. బల్లలు నిండిపోయి మనుషులు నేల మీద, స్తంభాల చుట్టూ కూర్చున్నారు. ఎవరో లేచి పెద్దమ్మకు బల్ల చివర చోటిచ్చారు. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను.

వేలమంది ఒకేసారి కీర్తన ఎత్తుకున్నప్పుడు నా గొంతు నాకే వినబడలేదు. పక్కనున్న ఆవిడ శ్రుతి తప్పి పాడుతోంది, ఆమె ఒళ్లో బిడ్డ ఏడుస్తున్నాడు, వెనక ఎవరో దగ్గుతున్నారు. ఆ రద్దీలో, ఒకరి మోకాలు నా వీపుకు ఆనుకుని ఉండగా, ఇన్నాళ్లుగా రాని ప్రార్థన వచ్చింది. మాటలు తక్కువ. ముసలావిడ బియ్యపు సంచి, ఆరిపోయిన నక్షత్రం, చాప అంచు మడిచిన చెయ్యి. వాటినే చెప్పుకున్నాను.

అద్దాల కిటికీల గురించి పెద్దమ్మ ముందే చెప్పింది, తొందరపడొద్దు, సూర్యుడు రావాలని. చీకట్లో అవి నల్లటి గోడలే. వాక్యోపదేశం ముగిసి ప్రభు భోజనానికి జనం వరుసలు కట్టే వేళకు పలుచగా నీలం కనబడింది. తరువాత ఎరుపు. తరువాత ఒక్కొక్క ముఖం. పశువుల తొట్టిలో శిశువు, మరో కిటికీలో శిలువ, ఇంకో కిటికీలో క్రీస్తు ఆరోహణం. బయట ఎవరూ బొమ్మలు గీయడం లేదు, వెలుగు పెరుగుతోందంతే. పెద్దమ్మ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. నేను పైకి చూడలేదు, ఆమె ఏడుస్తోందని చేతిలోనే తెలిసింది.

రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి గంటకు పైగా పట్టింది. తన నాయనమ్మ ఎక్కడ గంపలు దించేదో చూపిస్తానని బయటికి వచ్చాక పెద్దమ్మ గోపురం చుట్టూ తిరిగింది. ఏ మూల అన్నది ఆమెకూ తెలియదు. అయినా ఒక రాయి దగ్గర ఆగి అరచెయ్యి ఆనించింది. నేనూ ఆనించాను.

అప్పటికి రెండో ఆరాధన జనం లోపలికి తోసుకొస్తున్నారు. దుప్పటి తిరిగి ఇవ్వాలని చింతచెట్టు కిందికి వెళ్తే అక్కడ బూడిద, మూడు రాళ్లు ఉన్నాయి. చాపలు లేవు. ఎర్ర రిబ్బను జడల కోసం వెతుకుతూ ఆవరణ రెండుసార్లు తిరిగాం. బస్టాండులో బీదర్, జహీరాబాద్ బస్సుల దగ్గర వాకబు చేశాం. ఫోను నంబరు తీసుకోవాలన్న ఆలోచన రాత్రి ఇద్దరికీ రాలేదు.

మధ్యాహ్నం బస్సు దొరికింది. నిలబడే వచ్చాను, పెద్దమ్మకు మాత్రం సీటు దొరికింది. దుప్పటి మడిచి ఒళ్లో పెట్టుకుంది. నర్సాపూర్ దగ్గర, నిద్రపోతోందనుకున్న మనిషి, కళ్లు మూసుకునే అంది: "వచ్చే ఏడు అదే చెట్టు కిందికి పోదాం. వాళ్లు వస్తారు." దుప్పటికి ఇంకా కట్టెల పొగ వాసన ఉంది.